నాయన ఆగిపోయిన తీరం

తమ్ముడి కబురు వచ్చినప్పుడు అమ్మ ఇంట్లో లేదు. మామిడికాయల కాలం అది. బంగారు గనులు మూతపడిన తర్వాత ప్రతి వేసవీ ఆమె గౌనిపల్లిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి, పొద్దున్నే శ్రీనివాసపురం మండీకి పోయి కాయలు ఏరే పని చేసేది. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. సెలవులు కాబట్టి ఇంటిపట్టునే ఉన్నాను. గని కార్మికుల కోసం వరసగా కట్టిన ఇళ్ళను మా ఊళ్ళో లైన్లు అంటారు. మా లైను మూలలో అంగడి పెట్టుకున్నాయన వీధిలోకి వచ్చి కేకేశాడు.

"రామేశ్వరం నుంచి ఫోను. బిర్న రామ్మా."

ఫోనులో తమ్ముడి స్నేహితుడు. మా లైన్లలోనే పెరిగినవాడు. తమ్ముణ్ణి ఆ దీవికి పనికి తీసుకుపోయింది అతనే.

"అక్కా, ఇంజను బాగుచేసిన బోటును నడిపి చూసేదానికి నీళ్ళలోకి పోయినారు. ముగ్గురు పోయినారు. గాలికి బోటు తిరగబడింది. ఇద్దరు ఈదుకొని వచ్చేసినారు. మనోడు ఇంకా రాలేదు."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం అక్కా."

'ఇంకా రాలేదు' అన్న మాటనే పట్టుకొని ఇంటికి వచ్చాను. బస్సు తప్పిపోయి ఎవరో ఆలస్యం చేసినట్టుంది ఆ మాట. నాయన వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"వాడికి ఈత రాదు గదమ్మా" అన్నాడు.

మా ఊళ్ళో ఈత ఎవరికి వచ్చు? మా తాత, నాయన భూమిలోకి దిగి బతికినవాళ్ళు. వాళ్ళకు నీళ్ళంటే గని అడుగున ఊరేవి, పంపులు పెట్టి పైకి తోడేయాల్సినవి. తమ్ముడు గని వర్క్‌షాపులోనే ఫిట్టరు పని నేర్చుకున్నాడు. పని చేతికి వచ్చే వేళకు గని మూసేశారు. లైన్లలోని మగవాళ్ళందరి మాదిరే వాడూ కొన్నేళ్ళు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఆ తిరుగుడు వాడికి పడలేదు. దీవిలో బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉందని స్నేహితుడు చెప్పగానే పెట్టె సర్దుకున్నాడు. వేసవిలో చేపల వేట ఆపిన రోజుల్లో బోట్లన్నీ ఒడ్డుకు వస్తాయి, ఆ రోజుల్లోనే వాడికి ఊపిరాడనంత పని. ఆదివారాలు ఫోను చేసేవాడు. "అక్కా, ఈడ ఏ పక్క పోయినా నీళ్ళే" అని నవ్వేవాడు.

అమ్మ సాయంత్రానికి వచ్చింది. చేతులకు మామిడి జీడి మరకలు అలాగే ఉన్నాయి. తానూ వస్తానంది. నాయన వద్దన్నాడు.

"నువ్వు ఇంట్లో ఉండు. వాడే ఫోను చేస్తే ఎత్తేదానికి ఎవరో ఒకరు ఉండాల గదా."

ఆమె ఆ మాట నమ్మింది. మేము బయల్దేరేటప్పుడు అంగడి అరుగు మీద, ఫోనుకు దగ్గరగా, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చొని ఉంది.

నన్ను నాయన తీసుకుపోయింది తన ఊపిరి కోసం. వయసంతా భూమి లోపల రాయి తొలిచినవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. మందులు నా సంచిలో ఉన్నాయి. బంగారుపేటలో రైలెక్కి, మదురైలో ఇంకో బండి పట్టుకున్నాము. బండి దీవికి పోయే వంతెన మీదికి రాగానే నాయన కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. ఆయన సముద్రం చూడటం అదే మొదలు.

"ఇన్ని నీళ్ళా" అన్నాడు. ఆ తర్వాత ఒడ్డు వచ్చేదాకా కళ్ళు మూసుకున్నాడు.

రేవులో, ఈదుకొని బయటపడిన ఆ ఇద్దరూ మా కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు నాయన కాళ్ళ మీద పడిపోయాడు. బోటు బోర్లాపడ్డాక తమ్ముడు ఒక చెక్కపలక అంచు పట్టుకొని కాసేపు ఉన్నాడట. ఒక పెద్ద అల వచ్చింది. అది పోయాక చూస్తే పలక దగ్గర ఎవరూ లేరట. పడవలవాళ్ళు అప్పటికే వెతికి వెతికి అలసిపోయి ఉన్నారు. వాళ్ళలో వయసు మళ్ళిన ఒక పెద్దాయన నాయనను పక్కన కూర్చోబెట్టుకొని తమిళంలో నెమ్మదిగా చెప్పాడు. సముద్రం తనకు అక్కర్లేనిదాన్ని ఒడ్డుకు వేస్తుందని, ఎక్కడ వేస్తుందో మాత్రం తాము చెప్పలేమని, గాలి మారే రోజులు కాబట్టి దీవికి ఆ పక్క వేసినా వేయవచ్చని.

"ఒడ్డెంబడి నడిస్తే ఈ దీవి చుట్టుకొని మళ్ళీ ఈడికే వస్తామా?" అని అడిగాడు నాయన.

పెద్దాయన ఆయన రొమ్ము ఎగిసిపడటం చూశాడు. "రావచ్చు. కానీ మీవల్ల కాదయ్యా. కబురు వస్తే మేమే చెప్తాము."

నాయన లేచి పంచె ఎగగట్టాడు.

ఉత్తరపు ఒడ్డు పట్టుకొని పడమరకు నడవడం మొదలుపెట్టాము. నాయన గని బూట్లే వేసుకొని వచ్చాడు. ఇసుకలో అవి దిగబడేవి. ఒక చేతిలో కర్ర. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి వల ముద్దనూ, పాచి కుప్పనూ ఆ కర్రతో కదిపి చూసేవాడు. నేను రెండడుగులు వెనక ఉండేదాన్ని. దొరకాలని నడుస్తున్నాడు ఆయన. దొరకకూడదని నడుస్తున్నాను నేను. దొరకనంతసేపు వాడు ఏ పడవవాళ్ళకో చిక్కి, ఏ ఊళ్ళోనో స్పృహ లేకుండా పడున్నాడని అనుకోవచ్చు కదా.

ఆ ఒడ్డున సముద్రం చెరువు మాదిరి సద్దు లేకుండా ఉంది. కొబ్బరి తోపులు, ఎండబెట్టిన చేపల వాసన, బురద. కొన్ని చోట్ల సీమతుమ్మ ముళ్ళు నీళ్ళదాకా వచ్చి దారి ఉండేది కాదు. మోకాలి లోతు నీళ్ళలో దిగి నడవాల్సి వచ్చేది. నాయన నీళ్ళలో అడుగు పెట్టాలంటే నా భుజం పట్టుకునేవాడు. వయసులో నన్నెత్తుకొని లైన్లన్నీ తిరిగిన మనిషి ఆయన.

చేపలవాళ్ళ పల్లెల్లో ఆడవాళ్ళు గంజి పోశారు. చాలా పల్లెల్లో చర్చిలున్నాయి. నాయన మెడలో జపమాల చూసి, మేమూ క్రైస్తవులమని మమ్మల్ని తమవాళ్ళుగా చేర్చుకున్నారు. పొద్దు వాలితే చర్చి వసారాలో పడుకునేవాళ్ళం. ప్రతి పల్లెలోనూ నాయన అదే మాట అడిగేవాడు. "నల్లగా, బక్కగా ఉంటాడు. నీలం చొక్కా. చూసినారా అప్పా?" వాళ్ళు చూడలేదు. మేము ముందుకు పోయేవాళ్ళం.

ఒకచోట కొబ్బరిచెట్టు నీడలో ఆగినప్పుడు, "నాయనా, వాళ్ళ పడవలు తిరుగుతానే ఉండాయి గదా. మనం రేవులోనే ఉండుకొని చూస్తే కాదా?" అన్నాను.

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"నా వయసులో ఒకసారి లోపల రాయి పగిలి కూలింది. మనిషి ఒకడు అడ్డం పడిన రాళ్ళ ఆ పక్క ఉండిపోయినాడు. చచ్చిపోయినాడని అందరికీ తెలుసు. అయినా షిఫ్టు మీద షిఫ్టు దిగి తవ్వినాము. మనిషిని లోపల వదిలేసి పైకి వచ్చేది మాకు అలవాటు లేదమ్మా."

నేను మందుల సంచి భుజానికెత్తుకొని లేచాను.

పడమటి కొసన రైలు వంతెన కింద తిరిగి దక్షిణపు ఒడ్డుకు వచ్చేసరికి అంతా మారిపోయింది. గాలి ఎదురుకొట్టింది. ఇసుక కళ్ళలో పడేది. అలలు మనిషి ఎత్తు లేచి విరిగేవి. నాయన పది బారలు నడిచి నిలబడేవాడు, మళ్ళీ నడిచేవాడు. పెదవులు నల్లబడ్డాయి. మందు వేస్తే కాసేపు తేరుకునేవాడు. తిరిగిపోదామన్నాను. విననట్టే నడిచాడు.

అక్కడ కొందరు ఆడవాళ్ళు సముద్రపు పాచి కోసుకొని వస్తున్నారు. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని, తడి చీరలతో నీళ్ళలోంచి లేచి వచ్చి సంచులు ఇసుకలో కుమ్మరిస్తున్నారు. వాళ్ళలో ఒకామె మమ్మల్ని చూసి ఆగింది. మేము ఎవరమో ఆమెకు అప్పటికే తెలుసు. కబురు మాకంటే ముందు నడిచిపోయింది. నన్ను పక్కకు పిలిచి, "చెల్లీ, ఆ మలుపు దాటితే ఏదో పడుంది. మగవాళ్ళు పోలీసులకు చెప్పడానికి పోయారు. ముసలాయన్ని మెల్లగా తీసుకుపో" అంది.

మెల్లగా ఎక్కడ? నా ముఖం చూసి నాయనకు అర్థమైపోయింది. అంతదాకా పది బారలకు నిలబడినవాడు ఆ దూరమంతా ఆగకుండా నడిచాడు. నేను మలుపు దగ్గరే ఆగిపోయాను. ఒడ్డున నల్లగా ఒక ఆకారం, చుట్టూ నలుగురు మనుషులు. నాయన ఆ ఆకారం పక్కన మోకాళ్ళ మీద కూలబడటం దూరం నుంచే చూశాను. అయిపోయింది అనుకున్నాను. చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ లేదు.

కాసేపటికి నాయన చేయెత్తి అడ్డంగా ఊపాడు.

దగ్గరకు పోయాను. ముఖం చూసి గుర్తుపట్టేలా లేదు. కానీ తలవెంట్రుకలు నెరిసి ఉన్నాయి. మొలకు తాయెత్తు కట్టిన నల్లదారం. వయసు మళ్ళిన ఎవరో మనిషి. తమ్ముడు కాదు. నా ఒళ్ళంతా తేలికైపోయింది. ఒక శవం ముందు నిలబడి అంత సంతోషం కలిగినందుకు నాకే భయమేసింది.

నాయన లేవలేదు. తన భుజం మీది తువ్వాలు తీసి ఆ మనిషి ముఖం మీద కప్పి, ఎగిరిపోకుండా అంచు చేత్తో పట్టుకొని కూర్చున్నాడు. ఆ పల్లె పెద్దమనిషి ఒకడు వంగి ఆయనతో అన్నాడు.

"అయ్యా, ఈ మనిషి కోసం ఎవరూ రారు. ఎక్కడినుంచి కొట్టుకొచ్చాడో. మీరు ఇతన్నే మీవాడనుకొని మట్టి వేసి పొండి. మనసు కుదుటపడుతుంది. ముందు ఇట్లా చేసినవాళ్ళు ఉన్నారు."

"వీడు ఇంకొకరి మనిషి" అని కసిరాడు నాయన. "వీడి కోసం ఎవరో యాడనో నడస్తా ఉంటారు."

పోలీసులు వచ్చారు, డాక్టరు వచ్చాడు. జరపాల్సింది అక్కడే జరిపారు. ఉంచడానికి వీల్లేని స్థితి కాబట్టి పల్లె సమాధుల తోట అంచున గొయ్యి తీశారు. నాయన అంతసేపూ ఉన్నాడు. ఎవరూ లేని మనిషికి మొదటి పిడికెడు మట్టి ఆయనే వేశాడు. పాచి కోసే ఆమె రెండు కర్రముక్కలు శిలువగా కట్టి తలవైపు నిలబెట్టింది.

ఆ సమాధి పక్క నుంచే ఒడ్డు తూర్పుకు పోతుంది. అక్కడినుంచి దీవి సన్నబడి, రెండు సముద్రాల నడుమ ఇసుక నాలుకలాగా చాలా దూరం సాగి, కొసన ఆగుతుంది. కొట్టుకొచ్చేవి ఎక్కువగా ఆ కొసనే తేలతాయని పల్లెవాళ్ళు చెప్పారు. నాయన కర్ర తీసుకొని అటు తిరిగాడు. కొంచెం దూరం నడిచి, ఏదో మరిచిపోయినవాడిలా నిలబడి, నెమ్మదిగా ఇసుకలో పక్కకు ఒరిగిపోయాడు.

జీపులో ఆసుపత్రికి తీసుకుపోయాము. ముక్కుకు గాలి గొట్టం పెట్టి పడుకోబెట్టారు. ఈ మనిషి ఈ ఊపిరితో అంత దూరం ఎలా నడిచాడని డాక్టరు నన్ను కోప్పడ్డాడు. ఇంక అడుగు వేస్తే పోతాడన్నాడు. తేరుకున్నాక నాయన నన్నొక్కటే అడిగాడు.

"నువ్వు ఒగదానివే పోయి వస్తావా పాపా, ఆ కొసదాకా?"

"నిన్ను ఈడ వదిలేసి యాడికి పోయేది నాయనా?"

ఆయన తల తిప్పేసుకున్నాడు. తిరుగు రైల్లో పడుకొని ఉన్నవాడు, వంతెన దాటేటప్పుడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

ఇంటి ముందు జనం. మండీలో అమ్మతోపాటు పనిచేసేవాళ్ళు కూడా కొందరు వచ్చారు. అమ్మ జనాన్ని తోసుకొని వచ్చి నాయన రెండు చేతులూ పట్టుకుంది.

"దొరికినాడా?"

నాయన గుమ్మానికి ఆనుకొని ఊపిరి తీసుకున్నాడు.

"మట్టి చేసి వచ్చినాము" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూశాడు. జీవితంలో నన్నెప్పుడూ ఏమీ అడగని మనిషి ఆ చూపుతో అడిగాడు. అమ్మ అలాగే గోడకు జారగిలబడి, కబురు వచ్చిన తర్వాత మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "ముఖం చూసినావా?" అంది.

"చూసినాను."

"ఎట్లా ఉండినాడు నా బిడ్డ?"

"పండుకున్నట్లు ఉండినాడు."

అప్పుడు మాత్రం నేను లోపలికి వెళ్ళిపోయాను.

చర్చిలో ప్రార్థన జరిగింది. నాయన ఆయాసమని చెప్పి రాలేదు. కొన్నాళ్ళకు, ఆయన మా లైను వెనక, గని రాతిపిండి పోసిన దిబ్బ నీడలో ఒంటరిగా కూర్చొని ఉండగా పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ పల్లె పెద్దమనిషి ఇదే చెప్తే కసురుకుంటివి గదా. ఇప్పుడు నువ్వు చేసిందేమి?"

"అరవద్దమ్మా."

"అమ్మకు నిజం తెలియాల్నా వద్దా?"

"ఏం నిజం? సగంలో వదిలేసి వచ్చినానని చెప్పేదా?" ఆయన కర్రతో రాతిపిండిని పొడిచాడు. "వాడు ఆ కొసన పడి ఉంటే? ఇంకొంచెం పోయుంటే దొరికేవాడేమో అని మీ అమ్మ బతికినన్నాళ్ళూ అనుకుంటా ఉండాల్నా? నేను అనుకుంటా ఉండాను గదా. ఒగరు చాలు."

ఒకరు కాదు, ఇద్దరమని నేను చెప్పలేదు. బంగారుపేట స్టేషనులో ఎవరైనా బక్కపలచటి కుర్రవాడు వెనక నుంచి కనబడితే ముందుకు పోయి ముఖం చూసేదాన్ని. తెలియని చోటి నుంచి ఫోను వస్తే అంగడికి పరుగెత్తేదాన్ని. అమ్మ మాత్రం మెల్లగా తేరుకుంది. మరుసటి వేసవికి మళ్ళీ మండీకి పోయింది. బిడ్డకు మట్టి దక్కిందనీ, చర్చివాళ్ళ సమాధుల తోటలో పడుకున్నాడనీ చుట్టాలకు చెప్పుకునేది. ఆమె అలా చెప్పినప్పుడల్లా నాయన లేచి బయటికి పోయేవాడు. ఆయనకూ నాకూ మధ్య మాటలు తగ్గిపోయాయి. ఆ విషయం మాట్లాడలేక, వేరే విషయాలు మాట్లాడటానికీ సిగ్గుపడినట్టు ఉండేది.

కొన్నేళ్ళు గడిచాయి. నాయన మంచం పట్టాడు. దీవికి పోవాలని అమ్మ ప్రతి ఏడూ అంటూనే ఉంది, ఏదో ఒక అడ్డు చెప్పి నేను దాటవేస్తూనే ఉన్నాను. ఆ ఏడు ఆమె వినలేదు.

"మీరిద్దరూ చూసినారు. కన్నదాన్ని నేను చూడొద్దా?"

నాయన మంచం మీది నుంచి, "తోడుకొని పో పాపా" అన్నాడు. అమ్మ లోపలికి పోయాక దగ్గరకు వంగి అడిగాను. "పోయి ఏం చూపించేది నాయనా?"

"ఆ సమాధే చూపించు" అన్నాడు గోడవైపు చూస్తూ.

చిన్నమ్మను ఆయనకు తోడు పెట్టి బయల్దేరాము. అమ్మ కొవ్వొత్తులు, పూలు తెచ్చుకుంది. దారంతా నిజం చెప్పడానికి మాటలు వెతుక్కున్నాను. సేలంలో చెప్దామనుకున్నాను, మదురైలో చెప్దామనుకున్నాను. చెప్పకుండానే సమాధుల తోట వచ్చేసింది. కర్ర శిలువ పోయి, ఇసుక గుట్ట కూడా అణిగిపోయి, ఎవరో పేర్చిన రాళ్ళు మాత్రం మిగిలాయి. ఇదే అని చూపించాను. అమ్మ పక్కన కూర్చొని ఇసుకను అరచేత్తో సవరించడం మొదలుపెట్టింది. పసిబిడ్డ వీపు నిమిరినట్టు.

ఒడ్డు నుంచి పాచి సంచి మోసుకొని ఒకామె వస్తోంది. చూడగానే గుర్తుపట్టాను, ఆమే. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. సంచి దించి నవ్వుముఖంతో వచ్చింది.

"చెల్లీ, నువ్వా! నీ తమ్ముడు దొరికాడా ఆ తర్వాత? ఈ పాపం మనిషి కోసం ఇన్నేళ్ళూ ఎవరూ రాలేదు. మీ నాన్న మట్టి వేశాడు, నువ్వు మళ్ళీ వచ్చావు. ఈయనకు మీరే చుట్టాలు."

ఆమె చెప్పింది తమిళంలో. మా లైన్లలో బతికినవాళ్ళకు తమిళం అర్థం కాకుండా ఎలా ఉంటుంది? అమ్మ చేయి ఇసుక మీద ఆగిపోయింది.

"వాడు కాదా?" అంది, తలెత్తకుండా.

"కాదమ్మా."

"మీ నాయనకు తెలుసునా?"

"తెలుసు."

"నీకు?"

పాచి కోసే ఆమె మా ఇద్దరి ముఖాలూ చూసి, ఏదో తప్పు మాట్లాడానని అర్థమై, చెంగు నోట్లో కుక్కుకుంది. జరిగిందంతా, ఆసుపత్రితో సహా, అమ్మకు అక్కడే చెప్పాను. ఆమె తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. కొవ్వొత్తులు తీసి గాలికి చేయి అడ్డం పెట్టి వెలిగించింది. ఆరిపోతే మళ్ళీ వెలిగించింది. పూలు ఆ రాళ్ళ మీదే పెట్టింది.

"ఈయప్ప పెండ్లాం యాడ కాచుకొని ఉండాదో" అంది. తర్వాత లేచి చీర దులుపుకొని, "మీరు యాడిదాకా నడిస్తిరి?" అని అడిగింది.

"ఈడిదాకానే."

"మిగిలింది యాపక్క?"

తూర్పుకు చేయి చూపించాను. ఆమె చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది.

"అమ్మా, ఇన్నేండ్లకు ఆడ ఏముంటాదమ్మా?"

"ఏమీ ఉండదని నాకూ తెలుసులే. పద."

ఆ ఇసుక దారిలో ఆమె నాతో మాట్లాడలేదు. నాకంటే చాలా ముందు నడిచింది. కుడిపక్క సముద్రం కొట్టుకుంటోంది. ఇసుక కాళ్ళను కాల్చేసింది. మండీలో రోజంతా నిలబడి గంపలెత్తిన మనిషి, ఆమె నడకతో నేను సమం కాలేకపోయాను. పాత వల కనబడితే వంగి విప్పి చూసేది. చెక్కముక్క కనబడితే తిప్పి చూసేది. నాయన కర్రతో చేసింది ఆమె చేత్తో చేసింది. జీపుల్లో పోయే యాత్రికులు చేతులూపి ఎక్కించుకుంటామన్నారు. ఆమె వాళ్ళవైపు చూడనైనా లేదు.

కొసకు చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ నేల అయిపోతుంది. రెండు పక్కల నీళ్ళూ వచ్చి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. అమ్మ నీళ్ళంచున నిలబడి తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది. చిన్నప్పుడు పొద్దుపోయినా ఆట మానని వాణ్ణి లైను కొస నుంచి అన్నానికి పిలిచినట్టే పిలిచింది. మూడు నాలుగుసార్లు పిలిచి, ఆగి, చెవి ఒగ్గి నిలబడింది. నేను ఆమె పక్కకు పోలేక ఇసుకలో కూర్చుండిపోయాను.

దగ్గర్లోని తాటాకు గుడిసెలో ఒక ముసలామె మమ్మల్ని ఉండమంది. ఇసుకలో చేతులతో గుంట తవ్వితే ఊరిన తీయటి నీళ్ళు ఇచ్చింది. రెండు సముద్రాల మధ్య ఈ నీళ్ళు ఎక్కడివని అమ్మ ఆశ్చర్యపోయింది. చీకటి పడేలోపు మిగతా గుడిసెలకూ పోయి తమ్ముడి గురించి అడిగి వచ్చింది. మరునాడు ఆ ఇసుక నాలుక రెండో పక్కన, సద్దులేని సముద్రం వెంబడి నడిచి, రామేశ్వరం రేవు చేరుకున్నాము. తమ్ముడి బోటు బయల్దేరిన చోటు చూపించాను. ఆమె కాసేపు చూసి, "ఇంటికి పోదాము" అంది.

ఇంట్లో నాయన మేలుకొనే ఉన్నాడు. అమ్మ సంచి దించకుండానే మంచం దగ్గరకు పోయింది.

"చూసినావా?" అన్నాడు ఆయన.

"చూసినాను. వాడు మన బిడ్డ కాదంట."

నాయన కళ్ళు నా మీదికి వచ్చి, మళ్ళీ ఆమె మీదికి పోయాయి. దగ్గు వచ్చింది. ఆమె వీపు రాయలేదు. దగ్గు ఆగేదాకా నిలబడి చూసింది.

"నాతో ఎప్పటికీ చెప్పకుండానే పోదామనుకుంటివా?"

"ఊ" అన్నాడు.

ఆ తర్వాత వారాల తరబడి ఆ ఇంట్లో పనికి కావలసిన మాటలే నడిచాయి. అమ్మ ఆయనకు అన్నం పెట్టేది, ఒళ్ళు తుడిచేది, మందు వేసేది. ముఖం చూసేది కాదు. రాత్రుళ్ళు వీధి గదిలోకి చాప మార్చుకుంది. నా ముఖమూ చూసేది కాదు. ఆ మౌనంలో నాయన త్వరత్వరగా చిక్కిపోయాడు. నాకు ఆమె మీద కోపం వచ్చేది, అడగడానికి ముఖం ఉండేది కాదు.

ఒక ఉదయం ఆయన ఆమె కొంగు పట్టుకున్నాడు.

"ఆ కొసన ఎట్లుంటాది?"

అమ్మ గిన్నె కింద పెట్టింది. మంచం పట్టె మీద కూర్చుంది. ఇసుక గురించి చెప్పింది, నీళ్ళు ఒరుసుకునే చోటు గురించి చెప్పింది, గుంటలో ఊరే తీయటి నీళ్ళ గురించి చెప్పింది. ఆయన పసివాడిలా వింటూ ఉండిపోయాడు.

"గుడిసెల్లో వాళ్ళను అడిగినావా?"

"అందరినీ అడిగినాను. ఎవరూ చూడలేదంట."

"రెండు పక్కలా చూసినావా?"

"రెండు పక్కలా చూసినాను. ఇంగ పండుకో."

వానలు పడకముందే నాయన పోయాడు. అమ్మ ఇప్పుడు మండీకి పోవడం లేదు, కళ్ళు సరిగ్గా కనబడవు. నాతోనే ఉంటుంది. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎత్తుకోలేదు. కొత్తవాళ్ళు ఎవరైనా బిడ్డలెందరని అడిగితే ఇద్దరని చెప్తుంది. కొడుకు యాడ ఉన్నాడంటే, "సముద్రంలో పోయినాడు. దొరకలేదు" అంటుంది. ఆ మాటకు వాళ్ళు ఏమనాలో తెలియక నిలబడితే, కూర్చోమని చెప్పి కాఫీ పెట్టమని నన్ను కేకేస్తుంది.